పొట్లంలో అమ్మేది నత్రజనా, హార్మోనా?

తొలకరి పడగానే ఎరువుల దుకాణాల్లో యూరియా, డి.ఎ.పి. బస్తాల పక్కకు జీవన ఎరువుల పొట్లాలు కూడా చేరుతాయి. బస్తా సరుకు లెక్క స్పష్టమే. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం. పొట్లం సరుకుకు అటువంటి లెక్క లేదు. అందుచేత వర్తకుడు రైతుకు తేలికగా అర్థమయ్యే మాట చెప్పి అమ్ముతున్నాడు: "ఇది గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, బస్తా యూరియా మిగులుతుంది." ఈ మాట సగమే నిజం. రెండో సగం తెలియకుండా సరుకు నిలవ చేయడం, హామీలు ఇవ్వడం వర్తకానికి క్షేమం కాదు.

కందికి, పెసరకు, వేరుశనగకు వాడే రైజోబియం విషయంలో నత్రజని మాట చెల్లుతుంది. వేరు బుడిపెలు కంటికి కనిపిస్తాయి కూడా. వరి, జొన్న, మొక్కజొన్న, సజ్జలకు అమ్మే అజోస్పైరిల్లం సంగతి వేరు. 1970 దశకంలో బ్రెజిల్‌లో యోహానా డోబెరైనర్ పరిశోధనలతో ఈ బాక్టీరియా ప్రసిద్ధికి వచ్చినప్పుడు అందరి దృష్టీ నత్రజని మీదనే ఉన్నది. 1979లో అమెరికాలో టియన్, గాస్కిన్స్, హబ్బెల్ అనే శాస్త్రజ్ఞులు మరొక సంగతి బయటపెట్టారు. ఈ బాక్టీరియా ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోనును, కొద్ది పాళ్లలో జిబ్బరెల్లిన్, సైటోకైనిన్ వంటి పదార్థాలను కూడా తయారుచేస్తున్నట్లు తేలింది. బాక్టీరియా పట్టించిన సజ్జ మొక్కలకు పక్కవేర్లు పెరిగి, వాటి నిండా వేరునూగు వచ్చింది.

ఇది ఒక విధమైన ఇచ్చిపుచ్చుకోలు బేరమే. వేరు చక్కెరలను, అమైనో ఆమ్లాలను మట్టిలోకి వదులుతుంది. అందులోని ట్రిప్టోఫాన్‌ను బాక్టీరియా ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం అనే ఆక్సిన్‌గా మార్చి వేరుకు అందిస్తుంది. వేరు గుబురై ఎక్కువ మట్టిని తడుముతుంది. నీరు, భాస్వరం, నత్రజని ఎక్కువగా లాగుతుంది. అయితే మోతాదు మించితే అదే ఆక్సిన్ తల్లివేరు సాగకుండా ఆపుతుంది. పొట్లాలు రెట్టింపు చేస్తే దిగుబడి పెరుగుతుందని చెప్పడానికి వీలు లేదు. అంతేకాదు, మట్టిలో లేని పోషకాన్ని హార్మోను సృష్టించలేదు. అంటే ఇది బస్తా మాన్పించే సరుకు కాదు. వేసిన బస్తా వృథా పోకుండా చూచే సరుకు.

సూక్ష్మజీవుల హార్మోను మార్కెట్‌కు కొత్త కాదు. జపాను పాలనలోని తైవాన్‌లో వరి నారు పిచ్చిగా ఎత్తు పెరిగి పడిపోయే తెగులుకు ఒక శిలీంధ్రం విడిచే పదార్థమే కారణమని 1926లో కురొసావా చూపాడు. 1930 దశకంలో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. విత్తులేని ద్రాక్ష గుత్తులకు వాడే జిబ్బరెల్లిక్ ఆమ్లం నేటికీ ఆ శిలీంధ్రాన్ని పులియబెట్టి తీసే సరుకే.

చిక్కు ఇక్కడే ఉన్నది. హార్మోనును సీసాలో పోసి అమ్మితే 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం వర్తించింది. దాన్ని తయారుచేసే బాక్టీరియాను పొట్లంలో అమ్మితే, 2006లో జీవన ఎరువులను చేర్చిన 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. బాక్టీరియాను వడగట్టి మిగిలిన ద్రవం అమ్మితే, అదే ఉత్తర్వులో 2021లో చేర్చిన బయోస్టిమ్యులెంట్ల పద్దు. వస్తువు మూలం ఒకటే, ఖాతాలు మూడు.

ప్రమాణం మాటకు వస్తే, అజోస్పైరిల్లం పొడిలో గ్రాముకు 5 కోట్ల సజీవ కణాలు, ద్రవంలో మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండాలన్నది నిబంధన. 200 గ్రాముల పొట్లానికి 1,000 కోట్లన్న మాట. సామర్థ్యానికి పెట్టిన పరీక్ష నత్రజని లేని మాధ్యమంలో తెల్లని పొర కట్టడం. హార్మోను ఎంత చేస్తుందో చూసే పరీక్ష అందులో లేదు. సరుకు చేసే ప్రధానమైన పనినే తూకం వేయకపోవడం మా దృష్టిలో లోపమే. ఆక్సిన్‌ను గులాబీ రంగుతో పట్టి చూపే సాల్కోవ్స్కీ పరీక్ష ఖరీదైనది కాదు. కనీసం ప్రతి స్ట్రెయిన్‌కు ఒక్కసారయినా ఆ ఫలితం నమోదు చేయించడం ప్రభుత్వానికి భారం కాబోదు.

"మేము మూసిన పొట్లం అమ్మేవాళ్లం, లోపల ఏమున్నదో మాకేమి తెలుసు" అని డీలర్లు అనవచ్చును. ఆ మాటకు కాలం చెల్లుతున్నది. దేశంలో కొన్నేళ్లపాటు సుమారు 30,000 బయోస్టిమ్యులెంట్లు అదుపు లేకుండా అమ్ముడయ్యాయని, తనిఖీలు బిగించాక అవి సుమారు 650కి దిగాయని 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించారు. నిలవలు పట్టుకుని కూర్చున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కనుక వర్తకులు ఈ సరుకును బస్తాగా కాక ప్రాణమున్న నిలవగా చూడాలి. రేకుల గోడౌనులో ఎండకు కాగిన పొట్లంలో కణాలు చస్తాయి. చచ్చిన కణం హార్మోను చేయదు. బ్యాచి నంబరు, గడువు తేదీ, కణాల లెక్క చూపే ధ్రువపత్రం, స్ట్రెయిన్ పేరు అడిగి తీసుకోవాలి. సీజనుకు సరిపడా మాత్రమే తెప్పించి చల్లని చోట ఉంచాలి. విత్తనానికి శిలీంధ్రనాశని పట్టించాక, చివరన నీడలో దీన్ని పట్టించి వెంటనే విత్తుకోమని రైతుకు చెప్పాలి. యూరియా మానుకొమ్మని మాత్రం చెప్పరాదు.

పంట దెబ్బతిన్న రైతు తిరిగి వచ్చేది కంపెనీ దగ్గరకు కాదు, అమ్మిన దుకాణానికే. గల్లాలో పడిన సొమ్ముకన్నా ఆ రైతు మరుసటి సీజనుకు మళ్లీ రావడమే వర్తకుడికి అసలైన లాభం.