నాలుగు తీగల గిటార్‌కు స-ప-స-ప

చెక్కపెట్టెకు ఒక కర్ర బిగించి, నాలుగు గిటార్ తీగలు లాగి కడితే వాయిద్యం తయారవుతుంది. అమెరికాలో 19వ శతాబ్దం నుంచీ ఖాళీ చుట్టల పెట్టెలతో ఇలా చేస్తున్నారు. విశాఖ సీతమ్మధార అపార్టుమెంటు బాల్కనీలో చేసుకోవడానికీ అడ్డేమీ లేదు. చేసినవాళ్లకు చిక్కు వచ్చేది ఆ తర్వాతే. ఏ తీగను ఏ స్వరానికి బిగించాలి?

గిటార్‌లోని సన్న తీగల వరసనే, అంటే డి-జి-బి-ఇ పెట్టుకొమ్మంటారు కొందరు. యుకులేలే వరస జి-సి-ఇ-ఎ మంచిదంటారు మరికొందరు. కార్డ్స్ పట్టి పాటకు తోడు వాయించేవాళ్లకు ఇవి బాగానే పనికొస్తాయి. పాటనే తీగ మీద పలికించాలని కూర్చున్న తెలుగింటి కొత్తవారికి మాత్రం స-ప-స-పను మించిన దారి లేదు.

సాక్ష్యం దగ్గర్లోనే ఉంది. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన వాయించిన వయొలిన్ ఐరోపాలో పుట్టింది. అక్కడ దాని శ్రుతి జి-డి-ఎ-ఇ. మన విద్వాంసులు వాయిద్యాన్ని అలాగే ఉంచి శ్రుతిని మార్చుకున్నారు. మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చెక్కే వీణకూ వాయించే తీగలు నాలుగే, అవీ స, పలే. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ జంట తీగల్ని తీసేసి ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం పలికించారు. ఇన్ని వాయిద్యాలకు కుదిరింది పెట్టె గిటార్‌కు ఎందుకు కుదరదు?

కొత్తవారికి ఇందులో పెద్ద లాభం వేళ్లది. కింది రెండు తీగల మీద సరళీ స్వరాలు వస్తే, అదే పట్టుతో పై రెండు తీగల మీద పైస్థాయిలోనూ వస్తాయి. డి-జి-బి-ఇలో ఆ వీలు లేదు. జి, బి తీగల మధ్య దూరం మిగతావాటికంటే అర స్వరం తక్కువ, అక్కడికి రాగానే వేళ్లు దారి మార్చాలి.

ఓపెన్ జి అనే మరో వరస, జి-డి-జి-బి, బాగా ప్రచారంలో ఉంది. అందులో మూడు తీగలు స-ప-స, నాలుగోది అంతర గాంధారం. శంకరాభరణానికి అది హాయిగా ఉంటుంది. ఖరహరప్రియ ఎత్తుకుంటే మాత్రం ఆ తీగ మోగినప్పుడల్లా సాధారణ గాంధారాన్ని చెడగొడుతుంది.

తీగల దగ్గర తొందరపడకూడదు. మామూలు గిటార్ సెట్‌లోంచి ఎ, డి, జి, సన్న ఇ తీసుకుని, ఎ తీగను జికి, ఇ తీగను డికి దించితే జి-డి-జి-డి, అంటే అయిదు శ్రుతి, కుదురుతుంది. ఏ తీగనూ హద్దు దాటి బిగించే పనిలేదు. ఇ తీగ బదులు బి తీగను డి దాకా లాగితే తెగే ప్రమాదం ఉంది. ఈ లెక్క తీగ పొడవు గిటార్‌లాగే 25 అంగుళాలకు అటూఇటూగా ఉన్నప్పుడే. పొడవు తగ్గితే తీగలు వదులవుతాయి, అప్పుడు కాస్త లావు తీగలు వేయాలి.

పంచమం లేని హిందోళానికి డి తీగలు రెండింటినీ సికి, అంటే మధ్యమానికి, దించుకుంటే చాలు.

విశాఖలో సంగీతం నేర్పే గురువులకు ఒక మనవి. ఇలాంటి పెట్టె గిటార్ పట్టుకుని వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపకండి. పక్కన తంబురా మోగుతుండగా ఆ నాలుగు తీగలనూ శ్రుతిలో కలపడం ముందు నేర్పించండి.