బంగారు అట్ట వెనక మన గల్లీ మాట

సాలార్‌జంగ్ మ్యూజియంలో మనం చేసే పనులు మూడే. గంట కొట్టే గడియారం ముందు వీడియో, ముసుగు రెబెక్కా దగ్గర సెల్ఫీ, బయటికొచ్చి బిర్యానీ. పోయిన ఆదివారం మాత్రం మా టీమ్‌లో ఉన్న పురానీ హవేలీ దోస్తు నన్ను రాతప్రతుల వైపు లాక్కెళ్లాడు. అక్కడ తోపులాట లేదు. అద్దాల వెనక పుస్తకాలు, చూడ్డానికి మేం ఇద్దరం.

ముందు నా కళ్లు అట్టల మీదే పడ్డాయి. ఆ కాలపు పర్షియన్, అరబిక్ పుస్తకాల అట్ట తయారీ ఒక పెద్ద పని. కాగితాలు పొరలు పొరలుగా అతికించి గట్టి అట్ట చేస్తారు. దాని మీద తోలు తొడుగుతారు. చెక్కిన లోహపు అచ్చుతో నొక్కితే మధ్యలో బాదం గింజ ఆకారం దిగుతుంది, అందులో బంగారం పూస్తారు. వెనక అట్టకి ఒక మడత ఉంటుంది. పుస్తకం మూస్తే అది పేజీల అంచుని కప్పి, పై అట్ట కిందకి దూరుతుంది. మన ఫోన్ ఫ్లిప్ కవర్ ఐడియానే. కాకపోతే వాళ్లది కొన్ని వందల ఏళ్లు ముందు.

ఇంత హంగు ఎందుకంటే, అది పాదుషాకి నజరానాగా ఇచ్చే పుస్తకం, లేదా పాదుషా తన కోసం రాయించుకున్న పుస్తకం. అలాంటి వాటి మొదట్లో సూర్యుడిలా గుండ్రటి బంగారు అలంకారం ఉంటుంది. దాన్ని షంసా అంటారు. ఎవరి కోసం తయారైందో చాలాసార్లు అందులోనే రాసేవాళ్లు. తర్వాత చేతులు మారితే కొత్త యజమాని తన ముద్ర వేసుకునేవాడు. మా భాషలో చెప్పాలంటే గిట్ హిస్టరీ.

గోల్కొండకి తెలుగు కవులు కూడా పుస్తకాలు ఇచ్చారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఇబ్రహీం కుతుబ్‌షాకి అంకితం. పొన్నెగంటి తెలగన అచ్చ తెలుగులో రాసిన 'యయాతి చరిత్ర' అమీన్‌ఖాన్‌కి అంకితం. మనవాళ్లు ఆ మర్యాదంతా పద్యాల్లోనే చేశారు. తాటాకుకి బంగారు అట్ట అవసరం పడలేదు.

ఆ ఇబ్రహీం కొడుకే 1591లో హైదరాబాద్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా. ఆయనా కవే. వానలు, వసంతం, పండగలు, ప్రేమ, అన్నిటి మీదా రాశాడు. పర్షియన్‌లోనూ రాశాడు గానీ, ఎక్కువగా రాసింది దక్కనీలో. ఆయన కవితల సంపుటి 'కుల్లియాత్' రాతప్రతి ఒకటి, బంగారు అలంకారాలతో, ఈ మ్యూజియం సొత్తే. 1572లో గోల్కొండలో రాసిన ఒక వైద్యగ్రంథం ఇవాళ ఐర్లండ్‌లో, డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. కుల్లియాత్ మాత్రం ఈ ఊళ్లోనే ఉంది. చార్మినార్‌కి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.

"ఏం రాసుందో చదువు భాయ్" అన్నాను, ఎదురుగా తెరిచి ఉన్న ఒక పుస్తకం చూపించి.

వాడు నవ్వాడు. "నాకేడొస్తది? ఇంగ్లిష్ మీడియం కదా నేను. మాట్లాడొస్తది, చదవరాదు. మా దాదీకి వస్తది."

నాకు తెలుగు లిపి వచ్చు, ఆ లిపి రాదు. వాడికి ఇంట్లో మాట్లాడేది ఆ భాషే, దాని అక్షరాలు రావు. ఇద్దరం ఇంజినీర్లం, ఇద్దరం ఈ ఊరివాళ్లం. ఈ ఊరు కట్టినవాడి పుస్తకం ముందు మాత్రం ఇద్దరం నిరక్షరాస్యులం. అప్పటిదాకా నేను తీసిన ఫొటోలన్నీ బంగారానివే.

బయట మెట్ల మీద కూర్చుని ఫోన్ తీశాం. కుల్లియాత్ 1940లోనే అచ్చయింది, మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పరిష్కరించారు. ఇప్పుడు రేఖ్తా వెబ్‌సైట్‌లో కులీ గజళ్లు రోమన్ లిపిలోనూ దొరుకుతాయి. నేను తప్పులతడకగా పైకి చదువుతుంటే వాడు అర్థం చెప్పడం మొదలుపెట్టాడు. సగం మాటలు వాడికి తెలుసు. కొన్నింటి దగ్గర ఆగి, "ఇది దాదీ అంటది, మేం అనం" అన్నాడు. కొన్ని అసలే తెలియలేదు. అవి స్క్రీన్‌షాట్ తీసి దాదీకి చూపించడానికి పెట్టుకున్నాడు.

బంగారం తన పని తాను చేసింది. నాలుగొందల ఏళ్ల పాటు ఇది విలువైనదని చూసినవాళ్లకల్లా చెప్పి, పుస్తకాన్ని కాపాడింది. లోపలి మాటని కాపాడటం మాత్రం దాని వల్ల కాదు. అది దాదీల నోట్లో ఉన్నన్నాళ్లే ఉంటుంది, లేదా మనం నేర్చుకుంటే ఉంటుంది.

ఈసారి వెళ్తే గడియారం దగ్గర్నుంచి అటు కూడా ఒకసారి తిరగండి. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. వీలైతే ఇంట్లో దక్కనీ మాట్లాడే దోస్తుని వెంట తీసుకెళ్లండి. వాళ్ల దాదీ కూడా వస్తే ఇంకా మంచిది.