హాస్టల్‌కో బొమ్మ కావాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే చదువు గొప్పతనం గురించి రాద్దామనుకున్నాం. అది ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి మరో సంగతి రాస్తున్నాం.

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా హాస్టల్ మోటారు కాలిపోయి, బట్టలు పట్టుకుని చెరువుకు వెళ్ళాం. ఆరో తరగతి తమ్ముడొకడు జారి మునిగాడు. పెద్దవాళ్ళు ఒడ్డుకు తెచ్చి తలకిందులుగా వేలాడదీశారు, పొట్ట నొక్కారు. నోట్లోంచి నురగ వస్తోంది. "నోట్లో నోరు పెట్టి ఊదాలంట" అన్నారెవరో. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవరమూ వంగలేదు. ఒకే కంచంలో తిన్నవాళ్ళమే! ఊదితే బతికేవాడని చెప్పలేం. ఊదలేదన్నది మాత్రం నిజం.

మా నాన్నల కాలంలో హోటల్లో మనవాళ్ళకు వేరే గ్లాసు ఉండేది. ఎంగిలి అన్న మాట మనల్ని ఎంత దూరం పెట్టిందో మనకు తెలుసు. ఆ రోజు మేము ఆ మాటకే లొంగామో, భయానికి లొంగామో ఇప్పటికీ తేల్చుకోలేదు.

డిగ్రీలో ఉన్నప్పుడు ఒక క్యాంపులో రబ్బరు బొమ్మ మీద సీపీఆర్ నేర్పారు. పిలిచినా తట్టినా పలక్కుండా, ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు మొదలుపెట్టాలి. గురకలాంటి ఎగశ్వాసను చూసి ఊపిరి ఉందనుకోకూడదు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పెద్దవాళ్ళకైతే ఛాతీ నడిమి ఎముక కింది సగం మీద రెండు చేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. 30 సార్లు నొక్కాక, తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి రెండుసార్లు ఊదాలి. పిల్లలకు ఒక చెయ్యి చాలవచ్చు, లోతు సుమారు 5 సెంటీమీటర్లు. అక్క ఒడిలోని ఏడాదిలోపు పసికందుకైతే ఛాతీని చేతులతో చుట్టి రెండు బొటనవేళ్ళతో సుమారు 4 సెంటీమీటర్లు నొక్కాలి. తల తిన్నగా ఉంచి, ముక్కూ నోరూ కలిపి మన నోటితో మూసి మెల్లగా ఊదాలి. కరెంటు షాక్ అయితే ముందు మెయిన్ ఆపాలి.

పెద్దవాళ్ళు ఉన్నట్టుండి కుప్పకూలితే, ఊదడం రానివారు ఆపకుండా నొక్కినా మేలే. నీళ్ళలో మునిగినవారి సంగతి వేరు. గాలి అందకే వాళ్ళ గుండె ఆగుతుంది. అక్కడ ముందు ఊపిరే పోయాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇది చదివితే వచ్చే విద్య కాదు, చేతులకు రావాలి. అందుకే ప్రతి హాస్టల్‌కూ ఒక బొమ్మ, ఏటా ఒక ఆదివారం, పీహెచ్‌సీ నుంచి ఒక నర్సమ్మ కావాలని అడుగుతున్నాం. వంటమనిషి, కామాటి, వాచ్‌మన్, వార్డెన్ గారు అందరూ నేర్చుకోవాలి. డబ్బులెక్కడివంటారా? షామియానాకు, మెమెంటోలకు పెట్టే దాంట్లో కొంత తగ్గిద్దాం. మిగతాది పూర్వ విద్యార్థులం చందాలేసుకుంటాం. బొమ్మ వచ్చిన మొదటి ఆదివారం మేమూ వస్తాం.