బొమ్మ కదిలితే చాలదు, చెయ్యి కదలాలి

ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మధ్య ఒకటి గమనిస్తున్నాను. ఫోన్లో రంగురంగుల కడ్డీలు, పొట్టివీ పొడుగువీ, చోట్లు మార్చుకుంటూ ఉంటాయి. చూసేవాళ్లకి ఏదో ఆట అనిపిస్తుంది. కానీ అది పాఠమే. కంప్యూటర్ ఒక పనిని ఏ వరుసలో చేస్తుందో మెట్టుమెట్టుగా బొమ్మల్లో చూపించడాన్ని అల్గారిథమ్ విజువలైజేషన్ అంటారు.

బీఏ తెలుగు చదివి, ఇల్లు చూసుకునే నీకు ఇదంతా ఎందుకమ్మా అంటారేమో. మా పెద్దమ్మాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కాబట్టి ఇది నా ఇంటి సంగతే.

మన పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. తండ్రి పాశమైలారంలోనో బొల్లారంలోనో షిఫ్టులు చేస్తాడు. పిల్ల హైవే పక్కన ఏదో కాలేజీలో చేరుతుంది. ఇంగ్లీషు పుస్తకం కొరుకుడు పడదు. ప్రోగ్రామ్ మొత్తం పద్యంలా బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతుంది. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒక్క లైను మార్చి అడిగితే నోరు పెగలదు. అప్పుడు తప్పు చెప్పిన తీరుది అనుకోదు, 'నాకే బుర్ర లేదు' అనుకుంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

అందుకే ఈ కదిలే బొమ్మలంటే నాకు గౌరవం. బొమ్మకి మీడియం లేదు. బబుల్ సార్ట్ అనే పద్ధతినే తీసుకోండి. అల్మరాలో ఐదు పప్పు డబ్బాలు ఎలాపడితే అలా ఉన్నాయనుకుందాం. ఎడమ నుంచి పక్కపక్క డబ్బాలు రెండేసి చూడాలి. ఎడమది పెద్దదైతే రెండిటి చోట్లూ మార్చాలి. ఒక విడత పూర్తయ్యేసరికి అన్నిటికన్నా పెద్దది కుడి చివరికి చేరుతుంది. మళ్లీ మొదటినుంచి, చివరిదాన్ని వదిలేసి. నాలుగు, మూడు, రెండు, ఒకటి, మొత్తం 10 సార్లు పోల్చాలి. అదే 60 మంది పిల్లల్ని ఎత్తు ప్రకారం ఇలా నిలబెట్టాలంటే 1,770 సార్లు దాకా పోల్చాల్సి వస్తుంది. ఈ పద్ధతి ఎందుకు నిదానమో పేరా చదివితే తలకెక్కదు. కళ్లముందు జరుగుతుంటే ఇట్టే తెలుస్తుంది.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కూడా కాదు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బేకర్ 1981లోనే తొమ్మిది సార్టింగ్ పద్ధతుల్ని చూపిస్తూ అరగంట సినిమా తీశారు. 2011లో సింగపూర్‌లో స్టీవెన్ హాలిమ్ విజుఆల్గో అనే వెబ్‌సైట్ మొదలుపెట్టారు.

అయితే నా అభ్యంతరం ఒకటుంది. చూస్తే అర్థమైనట్టుంటుంది, కానీ వచ్చేయదు. బొబ్బట్ల వీడియో పదిసార్లు చూసినా, పూర్ణం బయటికి రాకుండా ఒత్తడం చెయ్యి పెడితేనే వస్తుంది. చదువుకున్నవాళ్లూ ఈ మాటే తేల్చారు. 2002లో అమెరికా పరిశోధకులు అప్పటికి జరిగిన 24 ప్రయోగాల్ని కలిపి పరిశీలించారు. బొమ్మ ఎంత బాగుందన్నదానికన్నా, విద్యార్థి దానితో ఏం చేశాడన్నదే ముఖ్యమని తేలింది.

మరి మన కాలేజీల్లో ఏం జరుగుతోంది? మా అమ్మాయి చెప్పిందాన్ని బట్టి, తెర మీద వీడియో వేస్తారు, అయిపోగానే 'అర్థమైందా?' అంటారు, అందరూ తలూపుతారు. అంతే.

ఒకరోజు దాన్ని అడిగాను, "బిడ్డా, వంటింట్లో డబ్బాలున్నయి, చేసి చూపియ్యి" అని. ముందు నవ్వింది. మూడో డబ్బా దగ్గర ఆగి, తడబడి, మళ్లీ మొదలుపెట్టింది. ఇంకోసారి దాదాపు వరుసలోనే ఉన్న డబ్బాలు ఇచ్చాను. రెండో విడతలో ఒక్క డబ్బా కూడా జరపాల్సిన పని పడలేదు. "అమ్మా, ఈసారి ఒక్కటి గూడ జరగలే. ఇంక చూసుడెందుకు, ఆపొచ్చు గదా!" అంది. ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క మాట చేర్చడం కూడా పాఠంలో భాగమేనట. వీడియో చూసినప్పుడు దానికి తట్టనిది, చెయ్యి పెట్టాక తట్టింది.

మంచి సంగతి ఏమిటంటే, చేయించే సాధనం మన పక్కనే ఉంది. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్‌లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు డేటా స్ట్రక్చర్స్ ప్రయోగాలు తయారుచేశారు. అందులో చూడటంతో పాటు, విద్యార్థే నొక్కి, మార్చి, సాధన చేసే భాగాలు ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్ ఉంటే చాలు.

కాబట్టి లెక్చరర్లకి నా విన్నపం ఒక్కటే. వీడియోని మధ్యలో ఆపండి. 'తర్వాత ఏది కదులుతుంది?' అని అడగండి. జవాబు కాగితం మీద రాయించాకే ముందుకి వెళ్లండి. వెనక బెంచీలో మాట్లాడని ఆడపిల్లకి కూడా కాగితం మీద రాసే ధైర్యం ఉంటుంది.

ఇక మన అమ్మల సంగతి. మనకి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. 'చదివావా?' అని కాకుండా 'నాకు చేసి చూపించు' అని అడిగితే చాలు. పిల్ల ఎక్కడ ఆగుతుందో మనకీ తెలుస్తుంది, దానికీ తెలుస్తుంది. లోపం బుర్రలో లేదు, ఆ ఒక్క మెట్టు దగ్గరే ఉంది అని తెలిస్తే, ఆ మెట్టు ఎక్కడం పెద్ద పని కాదు. మీ ఇంట్లో పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో మీరూ చెప్పండి.