కవికి ప్రతిఫలము

పోతన కృతి నమ్ముకొనలేదను మాట మన పత్రికాధిపతులకు మిక్కిలి యుపకరించుచున్నది. కాగితమునకు, ముద్రణమునకు, తపాలాకు రొక్క మిచ్చి, కవికి నమస్కార మిచ్చి పంపుట పలుచోట్ల నాచారమైనది. పోతనకు సేద్యమైనను గలదందురు. నేటి కవికేమి కలదు?

షికాగో కవయిత్రి హేరియెట్ మన్రో యిట్టి యాచారమును మన్నింపలేదు. 1892లో నచ్చటి మహాప్రదర్శనమునకై తాను రచించిన గీతమును న్యూయార్కు పత్రిక యొకటి యనుమతి లేక ప్రకటింపగా, వ్యాజ్యెమాడి 5,000 డాలర్లు రాబట్టెను. ఏబదేండ్లు నిండిన పిదప వర్తకుల గుమ్మము లెక్కి, ఏటికి 50 డాలర్ల వంతున నైదేండ్లిచ్చు నూర్గురు పోషకులను గూర్చుకొని, 1912 అక్టోబరులో ‘పొయట్రీ’ మాసపత్రికను స్థాపించెను. కవులకు ప్రతిఫల మిచ్చెను. పేరులేనివారికిని తలుపు తెఱచి యుంచెను. రవీంద్రునకు నోబెల్ బహుమానము వచ్చినది 1913లో. ఆయన గీతముల నామె 1912 డిసెంబరుననే ప్రకటించెను! ఇలియట్ విషయమున మాత్రము నెలల తరబడి సంశయించి, 1915లో గాని వేయలేదు. ఆమె 1936లో గతించినను పత్రిక నేటికిని నడచుచున్నది.

మన పట్టణములలో నూర్గురు వర్తకులు లేరా? ఉన్నారు. వారి గుమ్మ మెక్కిన సంపాదకు లెందఱు? రాబోవు నుగాది కవిసమ్మేళనములకైనను, ఆహ్వానపత్రముతోడనే కవికి రైలుఖర్చును, ఇయ్యదలచిన ప్రతిఫలమును స్పష్టముగా వ్రాసి పంపవలసినదిగా సమాజముల కార్యదర్శులను గోరుచున్నాము.