దారికి ఇవ్వవలసిన హక్కు

గత సంవత్సరం ఒక జుమా రోజు. నమాజు ముగిసి జనం మసీదు మెట్లు దిగుతున్నారు. మా మదరసాలో హిఫ్జ్ చదువుతున్న తొమ్మిదేళ్ల బాలుడు ఇంటికి నడిచి వెళ్తున్నాడు. మసీదు ప్రహరీ వెంట కాలిబాట ఉంది. కాని ఆ వేళకు దాని మీద నమాజుకు వచ్చినవారి బండ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలిపి ఉన్నాయి. నడిచే చోటు లేక బాలుడు రోడ్డు మీదికి దిగాడు. వెనుక నుంచి వేగంగా వచ్చిన ఆటో ట్రాలీ తగిలి అతని కాలు విరిగింది. అల్లాహ్ దయ వల్ల ప్రాణం నిలిచింది.

ఆసుపత్రిలో ఆ బాలుని తండ్రి నా చేయి పట్టుకుని, "మౌలానా సాబ్, అల్లాహ్ మర్జీ. తఖ్దీర్‌లో ఇలా రాసి ఉంది" అన్నాడు. ఆయన సహనానికి తల వంచాను. కాని ఆ మాట చాటున దాక్కునే అర్హత నాకు లేదు. ఆ కాలిబాట మీద నిలిపిన బండ్లలో నాదీ ఒకటి.

పాఠక సోదర సోదరీమణులారా! విధిని విశ్వసించడం మన ఈమాన్‌లో భాగం. అయితే ఒంటెను కట్టివేయకుండా, దైవం మీద భారం వేశానని చెప్పుకోవడాన్ని దైవప్రవక్త (స) మనకు నేర్పలేదు. ముందు కట్టివేయాలి, ఆ తరువాత భారం వేయాలి. తండ్రి విధి అనుకుని ఓర్చుకోవడం సబ్ర్. దోషి అదే మాట చెప్పి తప్పించుకోవడం మాత్రం సబ్ర్ కాదు. మన పట్టణాలలో రోడ్ల మీద జరిగే మరణాలను తలచినప్పుడల్లా ఈ తేడా మనకు గుర్తుండాలి.

దారి గురించి మన ధర్మం మౌనంగా లేదు. దారుల పక్కన కూర్చోవద్దని ప్రవక్త (స) వారించినప్పుడు, కూర్చుని మాట్లాడుకోవడానికి తమకు వేరే చోటు లేదని సహచరులు విన్నవించుకున్నారు. అలాగైతే దారికి దాని హక్కు ఇవ్వండని ఆయన బోధించారు. చూపు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని చెప్పి చెడును వారించడం ఆ హక్కులోనివేనని వివరించారు. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటి. దారిలోని ముళ్లకొమ్మను తీసివేసినందుకు ఒక మనిషికి మన్నింపు లభించిన సంగతి మన పిల్లలు మక్తబ్‌లోనే వింటారు. దారి వెడల్పు మీద తగవు వస్తే ఏడు మూరలు విడిచిపెట్టాలన్న తీర్పు కూడా హదీసు గ్రంథాలలో ఉంది. ఏడు మూరలంటే దాదాపు పదిన్నర అడుగులు. బరువులు మోసే జంతువులు ఒకదానినొకటి తప్పించుకుని పోవడానికి అంత చోటు కావాలని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే వీధిని ఎవరు వాడుతున్నారో చూసి, వారి అవసరాన్ని బట్టి కొలత నిర్ణయించాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు.

పన్నెండవ శతాబ్దంలో ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన 'హిదాయా'ను మేము మదరసాలలో పాఠ్యగ్రంథంగా చదువుతాము. అందులో రాజమార్గం మీదికి కట్టడాన్ని పొడిగించేవారి గురించి ప్రత్యేకంగా చర్చ ఉంది. ఎవరైనా నీటి గొట్టాన్నో, చూరునో దారి మీదికి చాచినా, దారిలో అరుగు కట్టినా, జనంలో ఏ సామాన్యుడైనా దానిని తొలగింపజేయవచ్చు. అది పడి బాటసారి మరణిస్తే కట్టినవాని పక్షం రక్తధనం చెల్లించాలి. ఆ అరుగుకు గ్రంథంలో వాడిన అరబీ పదం 'దుక్కాన్'. మన దుకాణం ఆ పదం నుంచి వచ్చినదే. ఎన్నో ఏండ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. నా బండి కూడా ఒక దుక్కానేనని ఆ జుమా రోజున గాని నాకు తెలియలేదు.

ఇప్పుడు మన వీధులను చూడండి. మహబూబ్‌నగర్ గడియార స్తంభం దగ్గరైనా, నల్గొండ గడియార స్తంభం దగ్గరైనా సాయంత్రం వేళ ఒక అరగంట నిలబడితే చాలు. బుర్ఖాలో చంటిబిడ్డను ఎత్తుకుని మరో బిడ్డ వేలు పట్టుకున్న తల్లి, చేతికర్రతో మగ్రిబ్‌కు వెళ్లే వృద్ధుడు, సైకిలు మీద పని నుంచి తిరిగి వస్తున్న మేస్త్రీ, బరువైన సంచులతో బడిపిల్లలు, పండ్లబండి తోసుకుపోయే తమ్ముడు కనిపిస్తారు. వీరందరికీ వీధి అంచే దిక్కు. ఆ అంచును మెట్లు, షట్టరు ముందు పరిచిన సరుకు, ట్రాన్స్‌ఫార్మరు, ఫ్లెక్సీ బోర్డు, పలకలు లేచిపోయిన మోరీ, నిలిపిన బండ్లు పంచుకున్నాయి. మిగిలిన నడిరోడ్డు మీద బస్సు వెళ్తుంది, లారీ వెళ్తుంది, వాటి మధ్య ఆ తల్లి కూడా నడవాలి.

కాలిబాట ఎలా ఉండాలో మన దేశంలో ప్రమాణాలు లేకపోలేదు. భారత రహదారుల కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు నడకకు దక్కాలి. ఎదురెదురుగా వచ్చే ఇద్దరు, అందులో ఒకరు చక్రాల కుర్చీలో ఉన్నా, ఇబ్బంది లేకుండా పోగలగాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. కాలిబాటను మోకాలెత్తున కడితే మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, నానమ్మలు ఎక్కలేరు. వారు రోడ్డు మీదనే నడుస్తారు. అప్పుడు కాలిబాట ఉండీ లేనట్లే.

పట్టణం దాటితే ఇదే సమస్య మరింత భయంకరంగా కనిపిస్తుంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలంలో 44వ జాతీయ రహదారి పక్కన పెద్దకుంట అనే చిన్న తండా ఉంది. 2016లో దేశ విదేశాల పత్రికలు దాని గురించి రాశాయి. ఇళ్లు ఒక వైపు, ప్రజలకు పనిపడే కార్యాలయాలు మరో వైపు, మధ్యలో వాహనాలు ఆగకుండా దూసుకుపోయే రహదారి. దాటడానికి సురక్షితమైన మార్గం లేదు. దాటబోయి ఒకరి తరువాత ఒకరు మగవారు ప్రాణాలు కోల్పోగా, భర్తలను పోగొట్టుకున్న స్త్రీల ఊరన్న పేరు ఆ తండాకు పడింది. వారికి వచ్చే వితంతు పింఛను తెచ్చుకోవాలన్నా అదే రహదారి దాటాలి. ఉమ్మడి నల్గొండలో హైదరాబాదు–విజయవాడ రహదారి మీది చౌటుప్పల్, చిట్యాల ప్రజలకు కూడా రహదారికి ఆవలి వైపు చేరడంలో ఉండే భయం తెలిసినదే. రోడ్డు వేసినవారు హైదరాబాదు నుంచి బెంగళూరుకు, విజయవాడకు ఎంత సేపట్లో చేరవచ్చో లెక్కించారు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక ముసలమ్మ ఎలా చేరుతుందో లెక్కించలేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. సగటున రోజుకు సుమారు 90 మంది కేవలం నడుస్తూ ప్రాణాలు కోల్పోయారు. ఇందులో వేగం పాత్ర ఏమిటో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం, నడిపేవారు ప్రమాదాన్ని గుర్తించే ఒక్క క్షణంలో దాదాపు 14 మీటర్లు ముందుకు పోతుంది. 30 వేగంలో 8 మీటర్లు మాత్రమే. బ్రేకు వేయడం ఆ తరువాతి సంగతి. వేగం రెండింతలైతే దెబ్బ తాకిడి నాలుగింతలవుతుంది. అందుకే 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రహదారి భద్రతా సమావేశం, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే వీధులలో వేగం 30కి మించరాదని కోరింది. బోర్డు పెట్టినంత మాత్రాన ఎవరూ నెమ్మదించరు. వీధి నిర్మాణమే నెమ్మదింపజేయాలి. బడి ముందు, మసీదు ముందు రోడ్డును కాస్త ఎత్తు చేసి దాటుదారి కట్టడం, చౌరస్తాలో మలుపును ఇరుకు చేయడం, వెడల్పు రోడ్డు మధ్యలో నిలబడటానికి దిమ్మె ఉంచడం, సైకిళ్లకు వేరే వరుస ఇవ్వడం, రాత్రి దాటేచోట దీపం వెలగడం – ఇవన్నీ ఆ పని చేస్తాయి. ఇప్పుడు సైకిళ్లకు పేరుగాంచిన నెదర్లాండ్స్‌లో కూడా 1970 ప్రాంతంలో పిల్లలు వాహనాల కింద పడి చనిపోతుండేవారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపిన తరువాతనే అక్కడి వీధుల రూపు మారడం మొదలైంది.

మనకు చట్టం అండ కూడా ఉంది. పాదచారులకు సరైన కాలిబాట ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణమో అంగవైకల్యమో సంభవిస్తే, బాధ్యులైన సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయడానికి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ వీలు కల్పించింది. 'హిదాయా' చెప్పిన బాధ్యత అటువంటిదే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కాలిబాట ఖాళీ చేయడమంటే ముందుగా తోపుడుబండి వాని మీద పడటం మనకు అలవాటు. మన బస్తీలలో ఎన్నో ఇళ్ల పొయ్యి ఆ బండి మీదనే వెలుగుతుంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం వారిని సర్వే చేసి, గుర్తించి, చోటు చూపమంటుంది. పేదవాని బండిని తరిమి ధనికుని కారుకు ఆ చోటు ఇస్తే, దారికి హక్కు ఇచ్చినట్లు కాదు.

ఇక మన వంతు. ఆ ప్రమాదం జరిగిన మరుసటి జుమా ముందు నేను మిత్రులతో కలిసి మసీదు కమిటీ పెద్దల దగ్గర కూర్చున్నాను. తప్పు నాతోనే మొదలుపెట్టి చెప్పాను. వెనుక వీధిలోని ఖాళీ స్థలం యజమాని, జుమా రోజు రెండు గంటలు అక్కడ బండ్లు నిలుపుకోవడానికి ఒప్పుకున్నారు. ఇద్దరు యువకులు వంతుల వారీగా గేటు దగ్గర నిలబడుతున్నారు. మొదటి వారం కొందరు విసుక్కున్నారు. ఇప్పుడు ఆ కాలిబాట మీద పిల్లలు నడుస్తున్నారు. మసీదు ముందు దాటుదారి, వేగనిరోధకం, దీపం కావాలని బస్తీవాసులందరి సంతకాలతో పురపాలక కార్యాలయానికి అర్జీ ఇచ్చాము. సంతకాలలో హిందూ సోదరులవీ, పక్క బడి ఉపాధ్యాయులవీ ఉన్నాయి. దీపం వచ్చింది. మిగిలినవాటి కోసం తిరుగుతున్నాము.

మీ ఊరిలోనూ ఇది సాధ్యమే. దుకాణదారు సోదరులు సరుకును షట్టరు లోపలికి జరపాలి. వలీమా విందులకు దారి మూసి షామియానా వేయకూడదు. పద్దెనిమిది నిండని కుమారునికి బండి తాళం ఇవ్వకూడదు. వాడు ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకో సంరక్షకులకో మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయన్నది ఒక సంగతి. ఎవరి బిడ్డకు దెబ్బ తగిలిందో ఆ తల్లికి మనం ఏమి జవాబు చెబుతామన్నది అంతకంటే పెద్ద సంగతి.

ఇరాక్‌లో ఒక కంచరగాడిద కాలు జారినా, దానికి దారి ఎందుకు చదును చేయలేదని తనను అడుగుతారని హజ్రత్ ఉమర్ (రజి) భయపడ్డారన్నది మనం వేదికల మీద తరచుగా వినే కథనం. పాలకులను నిలదీయడానికి మనం దానిని చెప్పుకుంటాము. మన గల్లీకి, మన మసీదు ముంగిలికి మనమే జవాబుదారులమని కూడా దాని నుంచి గ్రహించాలి.

ఆ బాలుడు నాలుగు నెలల తరువాత తిరిగి మదరసాకు వచ్చాడు. చలిరోజుల్లో ఇప్పటికీ కాలు కాస్త ఈడ్చుతాడు. నన్ను చూడగానే ముందుగా సలాం చేసేది అతడే. నేను బదులిచ్చి, అతడు కాలిబాట మీద మలుపు తిరిగేవరకు చూస్తూ నిలబడతాను.

దారిన పోయేవారికి మన వల్ల బాధ కలగకుండా నడుచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.