బుట్టబంతి ముచ్చట

ఈ నెల మా ముచ్చట వంటలను గూర్చి కాదు, నోములను గూర్చియు కాదు. ఒక బంతియాటను గూర్చి. ఆటల గొడవ ఆడువారికేల యని పుట త్రిప్పివేయక, కొంచెము సేపు మాతో కూర్చుండుడు.

మాది దువ్వూరు. కర్నూలునుండి కడపకు పోవు త్రోవలో నున్నది. మా అక్క కుమారుడు అమెరికాలోని దక్షిణ కెరొలైనా విశ్వవిద్యాలయమునకు చదువబోయిన నాటినుండి, అచ్చటి ఆడుపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు మాకు చుట్టమైనది. మా తమ్ముని కుమార్తె అప్పుడు తొమ్మిదవ తరగతి. తానును పాఠశాలలో ఆ యాట యాడును. అదియే మాకు గురువు.

ఆట తెలియుట కష్టము గాదు. జట్టునకు ఐదుగురు. నేలకు 10 అడుగుల యెత్తున నున్న ఇనుపవలయములో బంతిని వేయవలెను. దగ్గరనుండి వేసిన 2 పాయింట్లు, దూరపు గీటు వెలుపలనుండి వేసిన 3. 1891లో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున పీచుపండ్ల బుట్టలు వ్యాయామశాల బాల్కనీ కమ్మికి కొట్టి దీనిని కల్పించెనట. మరుసటి యేడే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని స్మిత్ కళాశాలలో ఆడుపిల్లలచే ఆడించినది. అయితే ఆడువారు అలసిపోదురను భయముచే ఆటస్థలమును మూడు భాగములు చేసి, ఏ భాగమువారు ఆ గీటు దాటరాదని నియమము పెట్టిరి. 1896లో స్టాన్‌ఫర్డు, బర్క్‌లీ బాలికలు పోటీపడినప్పుడు పురుషులను చూడనీయలేదు. ఆనాడు గెలిచిన స్టాన్‌ఫర్డునకు వచ్చినవి 2, ఓడినవారికి 1!

ఇక మా జట్టు సంగతి. 2023లో వారు ఒక్క యాటయు ఓడక వచ్చి, కడపటికి ముందరి పోటీలో అయోవా జట్టుచేత 77–73తో ఓడిరి. ఆ పిమ్మట మొదట దిగు ఐదుగురును చదువు ముగించుకొని వెడలిపోయిరి. ఇక వీరి పని అయినదని పలువురనుకొనిరి. కాని డాన్ స్టేలీ అను శిక్షకురాలు క్రొత్తపిల్లలను కూర్చుకొని 2023 నవంబరులో పారిస్ నగరమున మొదటి యాట గెలిపించినది. 2024 మార్చిలో టెనెసీ జట్టుతో ఆడునప్పుడు, ఓటమి తప్పదనుకొన్న కడపటి క్షణమున, కమిల్లా కార్డోసో అను బ్రెజిల్ దేశపు పిల్ల దూరమునుండి బంతి వేసి 74–73గా గెలిపించినది. కళాశాల యాటలలో అంతవరకు ఆమె వేసిన మూడు పాయింట్ల బంతి ఒక్కటియు లేదు! మేము వంటయింటిలో పోపు మాడుటయు నెఱుగము.

కడపటి పోటీ ఏప్రిల్ 7న. మనకది ఆదివారము అర్ధరాత్రి దాటిన వేళ, మంగళవారమే ఉగాది. ఇల్లు కడిగి అలసియు మేల్కొంటిమి. ఎదురుజట్టు మరల అయోవాయే. అందు కేట్లిన్ క్లార్క్ అను పిల్ల మొదటి పావు ఆటలోనే 18 పాయింట్లు చేసినది. మా గుండెలు జారినవి. అయినను మావారు మెల్లగా కూడదీసికొని 87–75తో గెలిచిరి. మొత్తము 38 ఆటలు, ఒక్క ఓటమియు లేదు. ఆ పోటీని అమెరికాలో 1 కోటి 80 లక్షలకు పైగా జనులు చూచిరి. ఆ యేటి మగపిల్లల పోటీని చూచినవారు అంతకు తక్కువే.

మా అమ్మ మాత్రము గెలిచినవారిని చూడలేదు. “ఓడినోళ్ళు ఏడుస్తాండారే పాపం!” అన్నది. “ఏడ్చినా మళ్ళీ ఆడతారు అవ్వా. పోయినేడు మనోళ్ళు గూడా ఏడ్చినారు” అన్నది పిల్ల.

ఆ మాట మా మరదలికి తగిలినది. పదవ తరగతి రాగానే కూతురిచే ఆట మాన్పింపవలెనని ఆమె నిశ్చయము. చదువు చెడునని ఒక భయము. ఎండలో నల్లబడునని, లోకము ఏమనునోయని మఱి రెండు. “అమెరికా పోయి ఆడేదా, ఏంది?” అని ఆమె మమ్మడిగినది. “అక్కరలేదమ్మా. ఓడి మరునాడు లేచి నిలుచుట నేర్చినచో చాలదా? పరీక్ష తప్పిన నాడు, సంసారమున కష్టము వచ్చిన నాడు ఆ విద్య పనికిరాదా?” అంటిమి. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. ఉగాది పచ్చడి కలుపుచు, “సాయంత్రం ఒక గంట. దీపం పెట్టేపాటికి ఇంట్లో ఉండాల” అన్నది. పిల్ల ఆ షరతు తప్పలేదు. పదవ తరగతి దాటినది, ఆటయు నిలిచినది.

సోదరీమణులారా! స్మిత్ కళాశాలలో నాడు నేలపై గీచిన గీట్లు ఎన్నడో చెరిగినవి. మన యిండ్లలో ఎవరును గీయకయే కనబడు గీట్లు కొన్ని యున్నవి. అన్నియు చెరుపుమని మేము చెప్పము. మీ పిల్ల బంతి పట్టుకొని వాకిట నిలిచినప్పుడు, కాదనుటకు ముందు ఆ యొక్క గంటను గూర్చి ఆలోచింపుడు.